తాడు చివర గాలి
కొంగునాట, పాండ్యనాట తెలుగు అడుగులు – 17

తై నెల పుష్యమి నాడు పొద్దున్నే మదురై వండియూరు తెప్పకుళానికి వెళితే ముందుగా కంటబడేది దేవుడు కాదు, తాడు. చెరువు చుట్టూ ఉన్న రాతి పిట్టగోడ వెంట జనం బారులు తీరి లావుపాటి తాడొకటి పట్టుకుని ఉంటారు. దాని రెండో కొస నీళ్ళ మీద తేలుతున్న తెప్పకు కట్టి ఉంటుంది. తెప్పకు తెడ్డు లేదు, తెరచాప లేదు, మోటారు అసలే లేదు. మీనాక్షీ సుందరేశ్వరులు అందులో కొలువుదీరితే గట్టు మీది మనుషులే లాగి నడిమి మండపం చుట్టూ తిప్పుతారు. పగలు రెండు చుట్లు, రాత్రి దీపాల మధ్య ఒక చుట్టు.

నేను వెళ్ళిన ఏడు తెప్ప కంటే తాడునే ఎక్కువసేపు చూశాను. నీళ్ళలో నాని మునిగి ఉన్న తాడు, లాగుడు మొదలవగానే జరజరా పైకి లేచి, నీళ్ళు కారుస్తూ బద్దలా బిగుసుకుంది. బిగుసుకున్నా తెప్ప కదల్లేదు. లాగేవాళ్ళు మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలి అట్లాగే ఉండిపోయారు. కాసేపటికి తెప్ప ముందు నీటి మీద సన్నని గీత పడింది. కదిలాక ఇక దాని బరువే దానికి ఊపు. చిక్కంతా మూల దగ్గర వస్తుంది. పాత దిక్కుకే లాగుతూ పోతే తెప్ప వెళ్ళి గోడను గుద్దుకుంటుంది. అందుకని కొందరు తాడు వదులు చేస్తారు, కొందరు పరుగున మలుపు దాటి కొత్త వైపు నుంచి అందుకుంటారు. అరుపులు, నవ్వులు, ఎవరి కాలో ఎవరో తొక్కడం. మళ్ళీ తాడు బిగుస్తుంది.

ఈ చెరువు తిరుమల నాయకుడు 1645లో తవ్వించిందంటారు. దాదాపు 305 మీటర్ల పొడవు, 290 మీటర్ల వెడల్పు. తన మహలుకు ఇటుకల మట్టి ఇక్కడే తీశారనీ, ఆ గుంతనే చెరువుగా తీర్చారనీ మదురైలో ఎవరినడిగినా చెబుతారు. మహలు కట్టింది 1636లో. తొమ్మిదేళ్ళు ఆ గుంత పూడకుండా రాజుగారి కోసం ఎదురుచూసిందనుకోవాలి! కథ సంగతి ఎట్లా ఉన్నా, చెరువు నిజం, తాడు నిజం. వైగైలో నీళ్ళు లేక చెరువు ఎండిన సంవత్సరాల్లో తెప్పను ఉన్నచోటనే నిలిపి పూజ చేసేవారు. దాన్ని ‘నిలై తెప్పం’ అన్నారు.

ఇంతవరకు మనం రాణి మంగమ్మ వేయించిన బాటల వెంట, ఆమె కట్టించిన సత్రాల వెంట నడిచాం. ఈసారి నీళ్ళ మీదికి దిగుదాం. చెప్పబోయేది వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది: చిన్న మోటారు పడవకు గాలిపటం కట్టి ఇంజను భారం తగ్గించడం. మదురై నాయకులో కోయంబత్తూరు నాయుళ్ళో ఆ పని చేశారని నేను చెప్పడం లేదు. వాళ్ళ చేతిలో తాడుంది. నెత్తి మీద గాలి ఉంది. తరవాతి కాలంలో మోటారూ వచ్చింది. ఆ మూడూ ఒక్క పడవలో కలిసింది మాత్రం వేరే దేశాల్లో. ఇక్కడ ఎందుకు కలవలేదన్నదే నన్ను వదలని ప్రశ్న.

తాడుతో పడవ లాగడంలో ఒక షరతు ఉంది. లాగేవాడికి కాలు మోపే చోటు కావాలి. మన గోదావరి, కృష్ణా కాలవల మీద, బకింగ్‌హాం కాలవ మీద గాలి లేనప్పుడు సరంగులు గట్టు దిగి తాడు భుజాన వేసుకుని పడవలు లాగినవాళ్ళే. కాలవకు గట్టుంది, తెప్పకుళానికి పిట్టగోడ ఉంది. సముద్రానికి ఏముంది?

మదురై నాయకుల రాజ్యానికి సముద్రం లేకపోలేదు. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన ఆ తెలుగు వంశం కిందనే తూత్తుకుడి ముత్యాల తీరమంతా ఉండేది. ముత్యాల వేటలో ఇన్ని ‘రాళ్ళ’ రాబడి నాయకుడిదని వాటా లెక్క. రాయి అంటే నిజంగా రాయే. ఈతగాడు దాని మీద కాలు పెట్టి నేరుగా అడుగుకు దిగుతాడు. రాయికొక తాడు, మనిషికొక తాడు. పైన పడవలో ఉన్నవాడు ఆ తాడు చేత పట్టుకుని, కింది నుంచి సైగ అందగానే లాగుతాడు. పడవలకు మాత్రం తాడు లాగేవాళ్ళు అక్కర్లేదు. అర్ధరాత్రి దాటాక నేల మీది నుంచి వీచే గాలికి తెరచాపలెత్తి తెల్లవారేసరికి ముత్యపు చిప్పల మిట్టలు చేరేవి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే అదే తెరచాపతో ఒడ్డుకు వచ్చేసేవి. రోజుకు రెండుసార్లు గాలే వచ్చి లాగి పెట్టేది.

కానీ ఆ పడవలు తీరంలోని పరవ బెస్తలవి, మరక్కాయర్ ముస్లిం వర్తకులవి. సముద్రం మీద పెత్తనం మొదట పోర్చుగీసువాళ్ళది, 1658 నుంచి డచ్చివాళ్ళది. తిరుమల నాయకుడంతటివాడు రామనాథపురం సేతుపతి మీదికి దండెత్తినప్పుడు ఓడల కోసం పోర్చుగీసుల సాయం అడిగాడు. నాయకులు చెరువుల మనుషులు. మెట్ట నేలను చూస్తే ఎక్కడ కట్ట వేయాలో, ఎక్కడ తూము పెట్టాలో వాళ్ళకు తెలుసు. సముద్రం మీద మాత్రం వాళ్ళు వాటాదారులు, అంతే. ఇది తప్పుపట్టడానికి అంటున్న మాట కాదు. నీళ్ళను కట్టి నిలిపినవాళ్ళకు నీళ్ళ మీద తేలాల్సిన అవసరం ఏడాదికొకసారి, తెప్పోత్సవం నాడే వచ్చింది.

గాలి సంగతికి కోయంబత్తూరు వెళ్ళాలి. పడమటి కనుమల గోడలో పాలక్కాడు దగ్గర ముప్పై, నలభై కిలోమీటర్ల సందు ఉంది. నైరుతి గాలి కేరళ మీద వాన కురిపించి, ఆ సందులోంచి దూరి, కొంగునాడు మీద పడుతుంది. వీధి తలుపు, పెరటి తలుపు రెండూ తీసిపెడితే నడవలో ఎట్లా కొడుతుందో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ అట్లా కొడుతుంది. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని అరవ సామెత. ఇళ్ళల్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడే అక్కడి నాయుళ్ళ పిల్లలకు ఆడి నెలంటే గాలిపటాల నెల.

కలంగల్ వైపు ఒక పల్లెలో నా స్నేహితుడి తాతగారు చెప్పిన ముచ్చట ఒకటుంది. ఆయన చిన్నతనంలో పాత పేపరు, చీపురు పుల్లలు, అంబలి జిగురుతో తన ఎత్తు గాలిపటం చేశారట. తోకకు చినిగిన పంచె. దారానికి మిల్లులో పనిచేసే మేనమామ తెచ్చిన నూలు, నాలుగు పేటలు కలిపి పేనింది. అది ఎగిరాక దారం చివర కొబ్బరి మట్టకు కట్టి, మట్ట మీద తమ్ముణ్ణి కూచోబెట్టారు.

“కదిలిందా తాతా?” అన్నాను.

“మూరెడు జరిగింది నాయనా. వాడు భయపడి దూకేసినాడు. బరువు పోయిందే తడవు, మట్ట లేచి చేను దాటి పోయి కంచెలో పడింది. గాలి వచ్చేటప్పుడు దారం ఇడవాల, తగ్గేటప్పుడు లాగాల. మట్టకు ఆ తెలివి యాడుంది?”

ఆయన కుడిచేతి చూపుడు వేలు మధ్య కణుపు మీద అడ్డంగా ఒక తెల్లని గీత ఉంది. నూలు కోసిన గుర్తు. ఎనభై ఏళ్ళ వయసులో దాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ చెప్పారు.

ఇక మోటారు. కొంగునాట మోటారు సముద్రం కోసం రాలేదు, బావి కోసం వచ్చింది. అక్కడి బావులు లోతు. ఎద్దులు ఏటవాలుగా దిగుతూ తాడు లాగితే తోలు తిత్తి నిండా నీళ్ళు పైకి వచ్చేవి. రాయలసీమలో కపిలి, తెలంగాణలో మోట, అక్కడ కవలై. చూడండి, ఇక్కడా తాడే. ఆ తాడును అటక ఎక్కించినవాళ్ళలో ముందు వరసలోవాడు కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు. బడి చదువు అబ్బలేదు. ఒక దొర మోటారు సైకిలు చూసి మనసు పడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్ని కొని, విడదీసి, మళ్ళీ బిగించిన మనిషి. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ నడిపాడు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి ఆయన తయారుచేసిన విద్యుత్ మోటారును దేశంలోనే తొలిదని కోయంబత్తూరువాళ్ళు చెప్పుకుంటారు. అప్పటికి పైకారా జలవిద్యుత్తు వచ్చి నాలుగైదేళ్ళయింది. తరవాత ఇంటింటి బావికీ పంపుసెట్టు. ఎద్దులకు విశ్రాంతి.

మోటారు వచ్చాక గాలిని ఎవరు పట్టించుకుంటారు? చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. 1990ల్లో ఉడుమలపేట, పల్లడం పొలాల్లో గాలిమరలు లేచినప్పుడు వాటిలో చాలావాటికి యజమానులు నూలు మిల్లులవాళ్ళే. పాలక్కాడు సందులోంచి వచ్చే అదే ఆడి గాలి ఇప్పుడు కరెంటై మిల్లు మోటార్లను తిప్పుతోంది. కొంగునాట గాలీ మోటారూ కలిశాయి, కానీ నేల మీద.

నీళ్ళ మీద వాటిని కలిపే ఆలోచన ఎక్కడి నుంచి మొదలైందో చూద్దాం. బోస్టన్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నప్పుడు గాలిపటం ఎగరేస్తూ చెరువులోకి దిగి, దారం కట్టిన పుల్ల రెండు చేతులా పట్టుకుని వెల్లకిలా తేలాడు. ఈత కొట్టకుండానే అవతలి గట్టుకు చేరాడు. పెద్దయ్యాక ఒక ఉత్తరంలో ఈ ముచ్చట రాసి, ఇట్లా డోవర్ నుంచి కాలే దాకా సముద్రం దాటడమూ అసాధ్యం కాదేమో, కాకపోతే పడవే నయం అని చమత్కరించాడు.

తరవాతివాడు బ్రిస్టల్ బడిపంతులు జార్జ్ పోకాక్. ఆటను శాస్త్రం చేసింది ఆయనే. ఒక్క దారంతో గాలిపటం గాలి పోయిన దిక్కుకే పోతుంది. ఆయన నాలుగు దారాలు కట్టాడు. రెండు బరువు మోయడానికి, రెండు పక్కకు తిప్పడానికి, ఎద్దు ముకుతాడులాగా. 1826లో పేటెంటు తీసుకుని గాలిపటాలు లాగే బండిలో ఇంగ్లండు రోడ్ల మీద తిరిగాడు. అక్కడ సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారు. ఈ బండికి గుర్రమే లేదు కదా, సుంకాల గేటు దగ్గర పైసా కట్టకుండా సాగిపోయాడు. గాలిపటాలతో ఓడలు లాగించడం గురించి 1827లో పుస్తకమూ వేశాడు. పాఠకుల్లో క్రికెట్ పిచ్చివాళ్ళకు ఇంకో మాట: ఈయన తన కూతురు మార్తాను కుర్చీలో కూర్చోబెట్టి గాలిపటంతో ఆకాశానికి ఎత్తించాడు. ఆ పిల్ల క్షేమంగా దిగి, పెళ్ళాడి, కొడుకుల్ని కన్నది. వాళ్ళలో ఒకడు డబ్ల్యూ.జి. గ్రేస్.

ఫ్రాంక్లిన్ పరిహాసంగా అన్నమాటను 1903 నవంబరులో శామ్యూల్ కోడీ నిజం చేశాడు. చిన్న కాన్వాస్ పడవకు గాలిపటం కట్టి, కాలేలో రాత్రి బయలుదేరి, దాదాపు 13 గంటల్లో డోవర్ చేరాడు. చీకట్లో, నవంబరు చలిలో, పైన ఎక్కడో కనిపించని గాలిపటం, చేతికి మాత్రం తెలిసే దాని లాగుడు! తెప్పకుళంలో గట్టు మీద కాలు మోపి లాగేవాళ్ళు చేసిన పని, ఇక్కడ పైనున్న గాలి చేసింది. ఒడ్డు అక్కర్లేదు.

పెద్ద ఓడలకు ఇది వచ్చింది మొన్న మొన్ననే. హాంబర్గ్‌లోని స్కైసెయిల్స్ కంపెనీ తయారుచేసిన 160 చదరపు మీటర్ల గాలిపటంతో, 132 మీటర్ల పొడవున్న బెలూగా స్కైసెయిల్స్ అనే సరుకుల ఓడ 2008 జనవరిలో జర్మనీ నుంచి వెనిజులా బయలుదేరింది. ఇంజను నడుస్తూనే ఉంటుంది, గాలి అనుకూలించినప్పుడు గాలిపటం చేయి వేస్తుంది. ఓడ యజమాని కంపెనీ 2011లో దివాలా తీసింది. అయినా ఆలోచన చావలేదు, ఇప్పటికీ పలు దేశాల్లో ఈ పని మీద ఉన్నారు.

చిన్న మోటారు పడవకు దీనివల్ల ఎంత ఒరుగుతుంది? కాస్త లెక్క వేద్దాం. గాలి సెకనుకు 6 మీటర్లు, అంటే గంటకు 20 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వీస్తోంది. 10 చదరపు మీటర్ల గాలిపటం ఆకాశంలో ఊరికే నిలబడితే పదిహేడు, పద్దెనిమిది కిలోల బరువున్నంత గట్టిగా లాగుతుంది. గాలి రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు. ఇంకో కిటుకు ఉంది. గాలిపటాన్ని నిలబెట్టకుండా, 8 అంకెను పడుకోబెట్టినట్టుగా అటూ ఇటూ ఈడిస్తే అది గాలి కంటే వేగంగా ఆకాశాన్ని కోస్తుంది. దానికి తగిలే గాలి పెరిగి, లాగుడు ఐదారు రెట్లవుతుంది. పతంగి ఆడినవాళ్ళకు తెలుసు, పక్కకు జారేటప్పుడే కదా దారం వేలు కోసేది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పడవ గాలి వాలునే సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతుంటే గాలిపటానికి మిగిలిన గాలి మూడే. లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే గాలిపటం నింపాదిగా పోయే పడవకు చుట్టం, నీళ్ళ మీద ఎగిరిపోయే స్పీడు బోటుకు కాదు. గాలికి కాస్త అడ్డంగా పోతే లాభం ఎక్కువ. ఎదురుగాలికి మాత్రం మోటారు ఒక్కటే గతి, గాలిపటం దించి మడిచి పెట్టుకోవాల్సిందే.

మరి తెరచాప ఉండగా ఇదెందుకు? తెరచాపకు కొయ్య కావాలి. గాలి కొయ్య పై భాగాన్ని నెడుతుంది కాబట్టి పడవ ఒరుగుతుంది, చిన్న పడవైతే బోల్తా కూడా కొడుతుంది. గాలిపటం తాడును ముందు భాగంలో, నీటికి దగ్గరగా కట్టవచ్చు. ఒరిగించదు, పైగా ముక్కును కాస్త ఎత్తుతుంది. వంద మీటర్ల ఎత్తున గాలి కూడా నీటి మీది కంటే జోరుగా, నిలకడగా ఉంటుంది. మోటారు ఉన్నందువల్ల ఇంకో సౌకర్యం: గాలి మందంగా ఉంటే పడవను కాసేపు ఎదురు నడిపి, ఆ ఊపుతో గాలిపటం ఎత్తవచ్చు. పిల్లలు పరుగెత్తి ఎగరేసినట్టే.

చిక్కులూ చిన్నవి కావు. గాలి చప్పున పడిపోతే గాలిపటం నీళ్ళలో పడుతుంది, తాడు వదులై పడవ కిందికి పోతుంది, తిరుగుతున్న పంకాకు చుట్టుకుంటుంది. అప్పుడు గాలీ లేదు, మోటారూ లేదు. అందుకని గాలి సన్నగిలిందని తోచగానే మొట్టమొదట ఇంజను న్యూట్రల్‌లో వేయాలి, తరవాతే తాడు చుట్టుకోవాలి. తాడును చేతికి చుట్టుకుంటే వేళ్ళు మిగలవు. ముడి వేస్తే ఆపదలో ఊడదు. లాగగానే విడిపోయే కొక్కెం ఉండాలి, పక్కన పదునైన కత్తి ఉండాలి. కంచెలో పడిన కొబ్బరి మట్ట గుర్తుంది కదా.

తూత్తుకుడి తోణుల కథ ఇక్కడ చెప్పాలి. కొలంబోకు సరుకు మోసిన ఆ పెద్ద తెరచాప పడవలు మొన్నటి తరం దాకా గాలి మీదే బతికాయి. తరవాత డీజిల్ ఇంజన్లు బిగించుకున్నాయి. చేపల వల్లాలకూ కట్టుమరాలకూ మోటార్లు వచ్చాయి. డీజిలు ధర పెరిగాక, మద్రాసు కేంద్రంగా 1979 నుంచి పనిచేసిన బంగాళాఖాతం మత్స్య కార్యక్రమంవాళ్ళు ఖర్చు తగ్గించే దారులు వెతికారు. ఆ కార్యక్రమం తరఫున నౌకా నిర్మాణ నిపుణుడు గుల్‌బ్రాండ్‌సెన్ 1986లో చిన్న పడవల ఇంధన ఖర్చు మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో వేగం తగ్గించుకోమన్నాడు, పెద్ద పంకా నెమ్మదిగా తిప్పమన్నాడు, తెరచాపను మరవొద్దన్నాడు. వేగం పదో వంతు తగ్గిస్తే ఇంజను మీద భారం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. ఆ తగ్గిన వేగం దగ్గరే గాలిపటానికీ పని దొరుకుతుంది. ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయి.

ఇప్పుడు రామేశ్వరం, తూత్తుకుడి తీరాల్లో నడుముకు గాలిపటం కట్టుకుని పలక మీద నీళ్ళపై జారే ఆట నేర్పుతున్నారు. గాలి నింపితే ఉబ్బే ఆ గాలిపటాలకు 1984లో ఫ్రాన్సులో లెగెన్యూ అన్నదమ్ములు పేటెంటు తీసుకున్నారు. నీళ్ళలో పడినా మునగవు, మళ్ళీ లేస్తాయి. పోకాక్ కాగితం, గుడ్డ గాలిపటానికి లేని సుగుణం అదే. ఆ తీరంలోనే, ఆ పిల్లలు జారుతున్న నీళ్ళకు కూతవేటు దూరంలో, వల్లాలు లాంగ్‌టెయిల్ ఇంజను చప్పుడుతో పోతుంటాయి. గాలిపటం ఆటగాళ్ళది, ఇంజను బెస్తవాళ్ళది. ఒక మధ్యాహ్నం నేను ఒడ్డున కూర్చుని రెండింటినీ చూశాను. పని ముగించుకొచ్చిన ఒక పెద్దాయన తన పడవ ముక్కు మీద కాళ్ళు వేలాడేసుకుని, గాలిపటం జోరుగా లాగిన ప్రతిసారీ దాన్ని కాదు, దాని తాడు కట్టిన చోటును చూస్తున్నాడు.

అప్పటి మదురై జిల్లాలో పడవ కొండెక్కిన కథ ఒకటి మిగిలింది. కలెక్టరు వీర్ లెవింజ్ 1863లో కొడైకెనాల్ చెరువు కట్టించి, అందులో తిరగడానికి తూత్తుకుడి నుంచి పడవ తెప్పించాడు. అంతకు ముందే కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ ఊటీ చెరువు కట్టించి ఉన్నాడు. ఆ రెండు చెరువుల సంగతి వచ్చే సంచికలో.